సంతకం పడ్డాక ఒక గంటె పసుపు

మా ఫ్యాక్టరీలో అందరికీ కుర్చీ ఉండేది, నాకు మాత్రం కిటికీ ఉండేది. ఉత్తరం దిక్కు కిటికీ. ఎండ నేరుగా పడదు కాబట్టి అక్కడ రంగు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా అక్కడ నిలబడి, తయారైన రంగు ఒప్పుకున్న రంగుతో సరిపోయిందా లేదా చెప్పడమే నా ఉద్యోగం. ముప్పై ఒక్క సంవత్సరాలు అదే చెప్పాను. ఈ మధ్య పెయింట్ల పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి, మీ అనుభవం నుంచి ఏదైనా చెప్పండి అంటున్నారు. అనుభవం అంటే వాళ్ల ఉద్దేశం నా గొప్పలు అయ్యుంటుంది. అవి ఇంట్లో చాలాసార్లు చెప్పాను, ఇంట్లోవాళ్లు వినడం మానేశారు. అందుకని ఇక్కడ ఒక తప్పు సంగతి రాస్తున్నాను. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. పోగొట్టింది నేను.

ఫ్యాక్టరీ జనగామ దాటాక వరంగల్ పోయే రోడ్డు మీద, ఒక పత్తి మిల్లు వెనకాల ఉండేది. గోడలకు వేసే రంగులే ఎక్కువ చేసేవాళ్లం. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. ఆయన మార్వాడీ కాదు, పక్క ఊళ్లో వరి పండించే పెద్ద రైతుల ఇంటి మనిషి. కానీ మా దగ్గర ఫ్యాక్టరీ పెట్టినవాడు ఎవరైనా సేటే. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. బయటివాళ్లు వస్తే "మా ఫ్యాక్టరీ కన్ను గీయనే" అని నన్ను చూపించేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఎప్పుడూ కాదన్న గుర్తు లేదు.

రంగు ఎలా తయారవుతుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. పెద్ద తొట్టిలో తెల్లరంగు తిరుగుతూ ఉంటుంది. అందులో పసుపు, ఎరుపు, నలుపు పేస్టులు పెద్ద గరిటెతో, మా మాటలో గంటెతో, కొలిచి కలుపుతారు. పేస్టు ప్రతిసారీ ఒకే తీరుగా రాదు కాబట్టి చివర్లో కంటితో చూసి సరిచేయాలి. తొట్టిలోంచి కొంచెం తీసి కార్డు మీద పూసి, ఆరబెట్టి, ఒప్పుకున్న రంగున్న అసలు కార్డు పక్కన పెట్టి చూస్తాను. బాగుంటే సంతకం పెడతాను. అప్పుడే ఒక చిన్న డబ్బాలో శాంపిల్ తీసి అరలో దాచిపెడతాం. రేపు ఎవరైనా గొడవకు వస్తే ఆ డబ్బాయే సాక్ష్యం. ఆ తర్వాత నురుగు తగ్గేదాకా తొట్టిని ఒక గంట మెల్లగా తిప్పి డ్రమ్ముల్లో నింపుతారు. సంతకం పడ్డాక తొట్టిలో ఎవరూ ఏమీ కలపకూడదు. కలిపితే ఉద్యోగం పోతుంది. ఆ రూలు పెట్టింది నేనే. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది కూడా నేనే.

తొట్టిలో రంగులు కలిపే పని ఒకామె చేసేది. మహబూబాబాద్ నుంచి కురవి పోయే దారిలో ఒక తండా ఆమెది. ఇంట్లో లంబాడీ మాట, మాతో తెలుగు. డ్రమ్ములు కడగడానికి వచ్చిన మనిషి, ఇరవై రెండేళ్లలో ఒక్కో మెట్టే ఎక్కి ఆ పనికి చేరింది. తక్కువ మాట్లాడేది. నేను కార్డు చూస్తుంటే ఆమె పక్కన నిలబడి కార్డును కాకుండా నా మొహాన్ని చూసేది. గౌరవం అనుకున్నాను.

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు సేటు రంగు కొలిచే మిషన్ ఒకటి కొన్నాడు. దానికోసం ఏసీ గది కట్టించాడు. ఫ్యాక్టరీ మొత్తంలో ఏసీ ఉన్నది ఆ గదికే కాబట్టి మధ్యాహ్నం అందరం అన్నం అక్కడే తినేవాళ్లం. దసరాకు దానికి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాం. కార్డు దాని కింద పెడితే ఒక అంకె చూపిస్తుంది. ఒకటి లోపు ఉంటే రంగు సరిపోయినట్టు, దాటితే సరిపోనట్టు. మొదట్లో అదీ నేనూ ఒకే మాట మీద ఉన్నాం. తర్వాత ఒక వానాకాలం నుంచి మాకు కుదరలేదు. నేను బాగుందన్న గంధం రంగును అది పసుపు తక్కువ అనేది. నేను రిజిస్టర్‌లో "మిషన్‌కు రిపేరు అవసరం" అని రాశాను. హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చి, పొద్దంతా చూసి, మిషన్ బాగానే ఉందన్నాడు. ఆయన పోయాక మళ్లీ "రిపేరు అవసరం" అని రాశాను. మళ్లీ వచ్చాడు, మళ్లీ బాగానే ఉందన్నాడు. మెకానిక్‌కు కూడా రిపేరు అవసరమని నాకు అనిపించింది కానీ దానికి రిజిస్టర్‌లో గడి లేదు.

మిషన్ ఎంత మొత్తుకున్నా ఎక్కడి నుంచీ ఫిర్యాదు రాలేదు. ఎనిమిది నెలల పాటు మా గంధం రంగు ఎన్నో ఊళ్లలో గోడలెక్కింది, అందరూ బాగుందనే అన్నారు. కాబట్టి నాదే ఒప్పని తేలిపోయింది. మిషన్ మీద గుడ్డ కప్పించాను.

ఆ చలికాలంలో భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్లకు రంగు వేయిస్తున్న ఒక కాంట్రాక్టరు మా గంధం రంగు తీసుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి ఐదు తొట్ల రంగు పంపాం. శివరాత్రి దాటిన పదిహేను రోజులకు ఆయన సేటుకు ఫోన్ చేశాడు.

"మీ రంగు రెండు తీర్ల కొడుతుంది. ఒక్కపారి మీ కన్నును గిటు తోలు," అన్నాడట.

జనగామలో బస్సెక్కి, హనుమకొండలో మారి, భూపాలపల్లిలో దిగేసరికి పదకొండు దాటింది. రెండంతస్తుల క్వార్టర్లు వరుసగా ఉన్నాయి. కాంట్రాక్టరు, పని చూసే ఇంజనీరు, డ్యూటీ లేని కార్మికులు కొందరు ఒక పక్క గోడ ముందు నిలబడి నాకోసం చూస్తున్నారు. మెట్ల దాకా నాలుగో తొట్టి రంగు, మెట్ల అవతల ఐదో తొట్టి రంగు వేశారట.

"చూడున్రి," అన్నాడు కాంట్రాక్టరు.

చూశాను. నాకు ఒకటే రంగు కనిపించింది.

"తేడా ఏడుంది?" అన్నాను. నేను పరాచికాలాడుతున్నానని అనుకున్నారు. కాంట్రాక్టరు గోడ మీద అరచెయ్యి పెట్టి, "గీడిదాంక ఒకటి, గీడికెళ్లి ఇంకోటి," అన్నాడు. దగ్గరికి పోయాను, దూరం జరిగాను, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎటునుంచి చూసినా ఒకే గోడ. ఇంతలో పై అంతస్తు నుంచి ఒకామె ఉతికిన బట్టల బకెట్‌తో కిందికి దిగింది.

"ఏంది సారూ, గంతగనం చూస్తున్నరు?" అంది. "సగం గంధం బూసినట్టుంది, సగం సున్నమేసినట్టుంది. మొన్న మా ఆయన డ్యూటీ దిగొచ్చి, మనిల్లు గాదనుకొని పక్క బ్లాకుకు పోయిండు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు, ఆ రోజు ఉలిపికట్టెను నేనే. ఆ సంగతి ఉలిపికట్టెకు తెలియదు కదా. కాంట్రాక్టరు వీళ్లందరికీ ముందే నేర్పి పెట్టాడని అనుకున్నాను. "గోడ ఇంకా పచ్చిగ ఉంది, ఆరితె కలిసిపోతది," అన్నాను. ఆరి పది రోజులైందని ఇంజనీరు అన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో కాగితం మీద రాసివ్వాలని, లేకపోతే మిగతా డ్రమ్ములన్నీ వెనక్కి పంపి మీ గడప తొక్కనని కాంట్రాక్టరు అన్నాడు. తిరుగు బస్సులో దారి పొడుగునా కోపంగా ఉన్నాను. ఆ కోపం కింద భయం కూడా ఉంది. దాన్ని పైకి రానివ్వలేదు.

సేటు మెకానిక్‌ను పిలిపించాడు. ఐదు తొట్ల శాంపిల్ డబ్బాలు అరలోంచి తీయించాడు, పంపగా గోదాములో మిగిలిన డ్రమ్ముల్లోంచి తొట్టికొకటి చొప్పున తెప్పించాడు. అన్నీ మిషన్ కింద పెట్టారు. సేటు, నేను కూర్చున్నాం. రంగులు కలిపే ఆమె తలుపు దగ్గర నిలబడింది. నాలుగు తొట్లలో శాంపిల్ డబ్బాలో ఉన్న రంగు వేరు, డ్రమ్ములో ఉన్న రంగు వేరు అన్నాడు మెకానిక్. ఐదోదానిలో మాత్రం రెండూ ఒకటే.

"అంటె సంతకం పడ్డంక ఎవరో కలిపిండ్రు," అన్నాడు సేటు.

"నేనే సార్," అంది ఆమె. "పసుపు. ఒక గంటె, ఒక్కోపారి గంటెన్నర."

నా గుండె తేలికపడింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం. గోడ మీద రూలు ఉండనే ఉంది అన్నాను. మెకానిక్ తల ఎత్తకుండా ఇంకో కార్డు మిషన్ కింద పెట్టాడు.

"సార్, ఒక్క మాట," అన్నాడు. "అసలు కార్డుతోటి చూస్తె ఆమె కలిపిన నాలుగే కరెక్టున్నయి. మీ శాంపిల్ డబ్బాలు అయిదుకు అయిదు తప్పు. ఎవ్వరు ముట్టని అయిదో తొట్టి గూడ తప్పు. గోడ మీద తెల్లగ కొడుతున్నది గదే."

"అయిదోది చేసినప్పుడు నువ్వు లేవా?" అని సేటు ఆమెను అడిగాడు.

"కురవి జాతరకు పోయిన సార్, వారం దినాలు. సెలవు చీటి మీద సారే సంతకం పెట్టిండ్రు," అని నన్ను చూపించింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. ఎనిమిది నెలలుగా నేను బాగుందని సంతకం పెట్టిన గంధం రంగులన్నీ తప్పు. ఆమె నా వెనకాల ఒక గంటె పసుపు వేసి వాటిని సరిచేస్తూ వచ్చింది. సేటుకు ఆశ్చర్యం కలిగింది. "తండాల ఆడోళ్లకు రంగులు పుట్టుకతోనే వస్తయంటరు, గా కుట్టుపని గిట్ల..." అని మొదలుపెట్టాడు.

"నాకు సూదిల దారం ఎక్కియ్య రాదు సార్," అంది ఆమె. "ఇరవై రెండేండ్లు గీ తొట్ల కాడ నిలబడ్డ. గంతే."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తె, మిషిన్ మీద రాసినట్టు నా మీద గూడ రాస్తరని."

మెకానిక్ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. సేటు కాగితం నా ముందుకు జరిపి, "అన్నా, కాంట్రాక్టరుకు ఏం రాద్దమంటవు?" అన్నాడు. బలవంతం చేయలేదు. నాకే వదిలేశాడు. నిజం రాయడానికి ఒక్క వాక్యం చాలు. కానీ నాకు ఇంకా పదకొండు నెలల సర్వీసు ఉంది, ముప్పై ఏళ్ల పేరు ఉంది. "మా సిబ్బందిలో ఒకరు నిబంధనకు విరుద్ధంగా రంగు కలపడం వల్ల తేడా వచ్చింది. వారిని తొలగించాము" అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యంలో అబద్ధం వెతికితే సులువుగా దొరకదు. ఆమె అసలు కలపకుండా ఉంటే ఐదు తొట్లూ ఒకే తీరుగా తప్పుగా ఉండేవి, తేడా వచ్చేదే కాదు. అంత జాగ్రత్తగా రాశాను.

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాకా పోయి, మళ్లీ నా దగ్గరికి వచ్చింది. "కంటి దవాఖానకు పోయి చూపెట్టుకోరాదున్రి సార్," అని చెప్పి వెళ్లిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది.

కాంట్రాక్టరు ఉత్తరానికి సరేనన్నాడు. తెల్లబడిన గోడల మీద మళ్లీ వేయడానికి ఒక తొట్టి సరైన రంగు కావాలన్నాడు. నేనే దగ్గరుండి కలిపాను. ఈసారి సేటు మిషన్ మీది గుడ్డ తీయించాడు. అది పసుపు తక్కువ అంది. వేశాను. నా కంటికి ఏమీ మారలేదు. ఇంకా వేశాను. ఈసారి పసుపు ఎక్కువ అంది. తగ్గించడానికి తెల్లరంగు పోశాను, తొట్టి నిండిపోయింది. సగం ఇంకో తొట్టిలోకి మార్చి మళ్లీ మొదలుపెట్టాను. మూడో రోజు సాయంత్రానికి ఒక తొట్టి రంగు మూడు తొట్లయింది, ఒక్కటీ ఇంకోదానిలా లేదు. డ్రమ్ములు నింపే మేస్త్రి ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని చూస్తున్నాడు.

"అక్క ఉంటె ఒక్క గంటెతోటి అయిపోతుండె సార్," అన్నాడు.

"నీకు ముందుగాలనే తెలుసా?"

"అందరికి ఎరుకనే సార్. ఆమె కలిపి సైగ చేసేదాంక మేం డ్రమ్ము పెట్టకపోతుంటిమి."

గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ముప్పై మంది పనిచేసే చోట ఆ సంగతి తెలియనిది నాకూ సేటుకే. మరునాడు జనగామలోనే కంటి దవాఖానకు పోయాను. రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లం, ఉందన్నాడు డాక్టరు. ఏం పని చేస్తారని అడిగితే ఆఫీసు పని అన్నాను. "మంచిదైంది," అన్నాడాయన. "పసుపుపచ్చ అద్దంలకెళ్లి చూస్తున్నట్టుంటది. మెల్లమెల్లగ వస్తది, మనిషికి తెల్వది. తెలుపుకు, లేత పసుపుకు తేడానే ముందుగాల పోతది. రంగుల పని చేసేటోళ్లయితె ఆగమైపోదురు." నేను తల ఊపాను.

ఆపరేషన్ అయ్యి కట్టు విప్పాక ఇంట్లో మొదట గమనించింది నా చొక్కాలు. తెల్లవి అనుకున్నవి ఒక్కటీ తెల్లగా లేవు. ఇదేంది అని మా ఆవిడను అడిగాను. "యాడాది సంది గట్లనే ఉన్నయి. చెప్తె సబ్బు మార్చుమన్నరు," అంది.

ఫ్యాక్టరీకి పోయి, ఎనిమిది నెలల గంధం రంగు శాంపిల్ డబ్బాలన్నీ అరలోంచి దింపించి కార్డుల మీద పూసి కిటికీలో వరుసగా పెట్టాను. ఎవరూ చెప్పనక్కరలేదు, మిషన్ అక్కరలేదు. ఒక్కటీ సరిగ్గా లేదు. ప్రతిదాని మీదా నా సంతకం ఉంది. అక్కడే నిలబడి ఏడ్చాను. కన్ను పోయినందుకు కాదు, అది ఎవరి చేతుల్లోనూ లేదు. చెప్పిన మిషన్‌ను మూసిపెట్టాను, చెప్పకుండా కాపాడిన మనిషిని బయటికి పంపాను, అందుకు.

సేటు దగ్గరికి పోయి కాంట్రాక్టరుకు ఇంకో ఉత్తరం రాస్తానన్నాను. తప్పు సంతకం పెట్టినవాడిదని రాశాను. ఈ నెలాఖరుకు నేను వెళ్లిపోతాను, ఆమెను నా స్థానంలో పెట్టమన్నాను. "వస్తదా?" అన్నాడు సేటు. కాంట్రాక్టరు ఆ ఉత్తరం చదివి ఫోన్ చేశాడు. తప్పు ఎవనిదైనా నాకేంది, రంగు ఎప్పుడు తోలుతరు అని అడిగాడు.

రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో తండాకు పోయాను. ఆమె కల్లంలో ఆరబోసిన మిరపకాయల ముందు కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలుకాయలు ఏరుతోంది. పక్కన ఆమె తల్లి ఉంది. నన్ను చూసి తల్లి లంబాడీలో ఏదో అంది. ఏమంటున్నదని అడిగాను.

"నీళ్లియ్యాల్నా, ఒద్దా అంటంది," అని లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

నేను కూడా కింద కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాను. కాసేపు నా చేతులే చూసి, "కన్ను బాగు చేపిచ్చుకున్నరు," అంది. అవునన్నాను. తప్పు నాదేనని, నిజం రాసిచ్చానని, క్షమించమని చెప్పాను.

"నన్ను తీసేసినందుకు గంత బాధ కాలే సార్," అంది. "నేను కలిపి పాడు జేసిన్నని రాసిండ్రు సూడు, గది మా తండాల దాంక వచ్చింది. ఇరవై రెండేండ్ల పని గది."

తిరిగి రమ్మని అడిగాను. ఆమె ఒక గుప్పెడు తాలు పక్కకు పోసింది.

"వస్త. గని ఇగ దొంగతనంగ కలుప. కార్డు మీద సంతకం నాదుండాలె."

అట్లాగే వచ్చింది. మొదటి పని భూపాలపల్లి రంగే. సేటు ముందే లారీ పిలిపించాడు. కార్డు ఆరింది. మిషన్ సరిగ్గా ఒకటి చూపించింది, లోపలా కాదు, బయటా కాదు. ఆమె కిటికీ దగ్గర చూసింది, బయటికి తీసుకుపోయి ఎండలో చూసింది, వచ్చి కార్డు బల్ల మీద పెట్టింది. సంతకం పెట్టలేదు.

"జర తక్కువుంది సార్. ఇంకో గంట పడుతది," అంది.

లారీ పొద్దున్నుంచి గేటు దగ్గర నిలబడి ఉంది. కాంట్రాక్టరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. సేటు కార్డు తీసి నా ముందు పెట్టాడు. "అన్నా, నెలాఖరుదాంక నీ సంతకం చెల్లుతది. ఇప్పుడు నీ కన్ను మంచిగయింది. చూసి పెట్టు, పోనీ బండిని," అన్నాడు.

చూశాను. నిజం చెప్పాలంటే నాకు బాగానే అనిపించింది. ఆపరేషన్ తర్వాత ఏ రంగునైనా ఇంత స్పష్టంగా చూసింది లేదు. ఆమె నన్ను చూడలేదు, తొట్టినే చూస్తోంది. నేను పెడితే ఆమె సంతకం మొదటి రోజే చెల్లకుండా పోతుంది. పెన్ను జేబులో పెట్టుకున్నాను.

"నాకు సరిగ్గ కనిపిస్తలేదు సేటూ," అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. కన్ను బాగున్న రోజు అన్నాను, బాగాలేని ఎనిమిది నెలలు అనలేకపోయాను. సేటు కార్డు తీసి ఆమె చేతికిచ్చి, డ్రైవర్‌ను అన్నం తిని రమ్మని చెప్పడానికి గేటు దగ్గరికి వెళ్లాడు.